ఎత్తిపోతల దగ్గర మడీ మైలా

ఎత్తిపోతలకు ఆ పేరు ఎలా వచ్చిందని అడిగితే అక్కడ చెప్పే కథ ఒకటుంది. పూర్వం యతులు అక్కడ తపస్సు చేశారట. యతి తపోతలం కాస్తా జనం నోట్లో నలిగి ఎత్తిపోతల అయిందట. ముప్ఫై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పి రిటైరయినదాన్ని కదా, ఈ కథ విన్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. కళ్ళెదుట డెబ్భై అడుగుల పైనుంచి ఎవరో బిందెలతో ఎత్తి పోస్తున్నట్టు నీళ్ళు పడుతుంటే, ఆ పేరుకు యతులెందుకు, తపస్సెందుకు? ఎత్తిపోత అన్నది పలనాటి రైతు నోట్లో రోజూ ఆడే మాట. అంత చక్కని ఇంటిమాటను గుమ్మంలో నిలబెట్టి సంస్కృతానికి పీట వెయ్యడం మనకు అలవాటే. ఒక చోటు పుణ్యస్థలం అనిపించుకోవాలంటే దాని పేరు కూడా తలస్నానం చేసి మడి కట్టుకు రావాలి కాబోలు.

పదిహేను రోజుల కిందట మా నరసరావుపేట నుంచి పన్నెండుమంది ఆడవాళ్ళం వ్యాను మాట్లాడుకుని కార్తీక వనభోజనాలకు వెళ్ళాం. తెల్లవారుజామున బయలుదేరి పొద్దున నాగార్జునకొండకు లాంచీ, మధ్యాహ్నానికి ఎత్తిపోతల, రాత్రికి ఇల్లు. ఇదీ కార్యక్రమం. పులిహోర ఒకరు, దద్దోజనం ఒకరు, గారెలు ఇద్దరు. నా వంతు గోంగూర పచ్చడి. దాంతోపాటు నా సంచిలో ఎవరికీ చెప్పకుండా ఒక పుస్తకం కూడా పెట్టుకున్నాను. మా అబ్బాయి కాలేజీ రోజులది. పవిత్రం అంటే ఏమిటని పడమటి పండితులు చేసిన వాదోపవాదాలన్నీ ఒకచోట చేర్చిన ఇంగ్లీషు పుస్తకం. వనభోజనాలకు పుస్తకమేమిటమ్మా అని మీరు నవ్వవచ్చు. ఈ నెలలో నాకు ఆ మాటతో పని పడింది. ఏం పనో తరవాత చెబుతాను.

ఆ పండితుల్లో పెద్దపీట దుర్ఖైం అనే ఫ్రెంచి ఆయనది. 1912లో ఒక లావుపాటి గ్రంథం రాశాడు. ఏ మతం తీసుకున్నా అది లోకాన్ని రెండుగా చీలుస్తుందంటాడు. ఒక పక్క పవిత్రమైనవి, ఇంకో పక్క మామూలువి. పవిత్రమైనవంటే మరేం లేదు, వేరుగా పెట్టినవి, ముట్టవద్దని కట్టడి చేసినవి. దానికి దేవుడు కూడా తప్పనిసరి కాదట. ఆస్ట్రేలియా ఆదివాసుల ఆచారాలను పట్టుకుని ఇంత సిద్ధాంతమూ అల్లాడు కానీ ఆస్ట్రేలియా గడప ఒక్కసారి కూడా తొక్కలేదు. పక్కింటివాళ్ళ వంట వాసన చూసి పాకశాస్త్రం రాసినట్టే అనుకోండి. అయినా మాట మాత్రం గట్టిది. ఆ తరవాత జర్మనీలో రుడాల్ఫ్ ఆటో అనే ఆయన 1917లో, కాదుకాదు, ముందు మనిషి గుండె జల్లుమనాలి, ఆ భయంలోనే దగ్గరకు లాగే శక్తీ ఉండాలి, పవిత్రమంటే అదీ అన్నాడు. రుమేనియా నుంచి కలకత్తా వచ్చి మన దర్శనాలు చదువుకున్న ఎలియాడె అయితే 1957లో ఇంకో మెట్టు ఎక్కాడు. నేలంతా ఒక్కటి కాదు, ఒక్కొక్క చోట పైలోకం తెర తొలగించుకుని తొంగి చూస్తుంది, ఇక ఆ చోటే ఆ జనానికి భూమధ్యం అవుతుంది అన్నాడు.

జలపాతం దగ్గర నిలబడితే ఆటోగారి మాట నిజమేననిపిస్తుంది. చంద్రవంక, నక్కలవాగు, తుమ్మలవాగు మూడూ కలిసి రాతి అంచు దాకా ఏమీ ఎరగనట్టు నడిచివచ్చి ఒక్కసారిగా దూకేస్తాయి. కింద గుండంలో నీళ్ళు నల్లగా ఉంటాయి. అందులో మొసళ్ళు. అక్కడ మొసళ్ళ పెంపక కేంద్రం పెట్టారు లెండి. చూడాలనీ ఉంటుంది, కాళ్ళు వెనక్కీ లాగుతాయి. దుర్ఖైంగారి మాటా నిజమే. వేరుపెట్టడమంటే అక్కడ బోలెడు కనిపిస్తుంది. కమ్మీలు, బోర్డులు, టికెట్టు, దాటితే ఊళ వేసే ఈల. పర్యాటక శాఖవారి మడి ఏ పూజారి మడికీ తీసిపోదు. ఇంకో రహస్యం ఏమిటంటే, వచ్చినవాళ్ళు నిరాశపడకుండా జలపాతానికి పైనుంచి నీళ్ళు వదులుతుంటారు. గంగావతరణానికి కూడా షట్టరు ఉందన్నమాట.

ఈ వేరుపెట్టడం అనే అర్థం భాషల కడుపులోనే ఉండటం విచిత్రం. లాటిన్‌లో సాకెర్ అన్న మాట దేవుడికి విడిచిపెట్టినదానికీ చెల్లుతుంది, శాపం తగిలి వెలివేసినవాడికీ చెల్లుతుంది. రెండూ మనుషుల మధ్యనుంచి తీసి అవతల పెట్టినవే. అరబ్బీలో మక్కా ప్రాంగణాన్ని హరం అంటారు, చెయ్యకూడనిదాన్ని హరామ్ అంటారు. రెండిటికీ ధాతువు ఒకటే. పసిఫిక్ దీవులవారి తపు అన్న మాట 1777లో కెప్టెన్ కుక్ చెవిన పడి ఇంగ్లీషులోకి వచ్చి టాబూ అయింది. మరి మనకు? పవిత్రం అంటే వేదకాలంలో సోమరసాన్ని వడగట్టే సాధనం. తద్దినం నాడు వేలికి తొడిగే దర్భ ఉంగరం పేరూ పవిత్రమే. అయితే ఇవన్నీ పుస్తకాల్లోవి. మన వంటింట్లో రోజూ పలికే మాట మడి. గట్టు వేసి నీళ్ళు నిలిపిన వరిచేనూ మడే, తడిపి ఆరేసి ఎవరినీ తాకకుండా కట్టుకున్న బట్టా మడే. రెండిటికీ పుట్టుకలో చుట్టరికం ఉందో లేదో భాషాశాస్త్రజ్ఞులు తేల్చాలి. నాకు మాత్రం రెండు చోట్లా ఆ గట్టే కనిపిస్తుంది.

నీళ్ళన్నాక పొద్దున మేం చూసివచ్చిన కొండ మాట చెప్పకుండా ఉండలేను. లాంచీ కింద మొత్తం ఒక లోయ ఉంది. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఆ లోయలోనే. 1926లో దాని జాడ బయటపడింది. లాంగ్‌హర్స్ట్ అనే ఆయన కొంత తవ్వించాడు. ఆనకట్ట వస్తోందన్నాక 1954 నుంచి 1960 దాకా మళ్ళీ పెద్దయెత్తున తవ్వారు. 1955 డిసెంబర్ 10న నెహ్రూగారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. ఇలాంటి ఆనకట్టలే ఆధునిక దేవాలయాలన్నది ఆయన మాటే కదా. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. ఎండకు మాడిపోయే పలనాడులో మళ్ళు కట్టారు, వరి నాటారు. ఆ కొత్త దేవాలయం కోసం పాత చైత్యాలూ విహారాలూ మునిగాయి. కొన్నిటిని రాయికి రాయి విప్పి కొండమీదా అనుపులోనూ తిరిగి పేర్చారు. పిల్లల్ని కాపాడే హారీతి గుడి, మెట్లు మెట్లుగా ఉన్న ఆ పెద్ద రంగస్థలం అనుపుకు చేరాయి. మహాచైత్యంలో దొరికిన బుద్ధధాతువు సారనాథ్‌లోని మూలగంధకుటీ విహారానికి వెళ్ళింది.

ఇప్పుడు ఎలియాడెగారిని అడగాలనిపించింది నాకు. అయ్యా, పైలోకం తొంగి చూసిన చోటు నీళ్ళకింద ఉంది. ధాతువు కాశీ దగ్గర ఉంది. ఇటుకలు కొండమీద ఉన్నాయి. భూమధ్యం ఎక్కడుందంటారు? కొండమీద తిరిగి కట్టిన చైత్యం ముందు మాలో ఒకావిడ చెప్పులు విప్పింది. ఇంకొకావిడ, మ్యూజియంకు వచ్చి చెప్పులు విప్పడమేమిటే అని నవ్వింది. విప్పినావిడ ఏమీ అనలేదు, ఎండకు కాళ్ళు కాలుతున్నా అలాగే ప్రదక్షిణం చేసింది. నాకు ఆవిడ జవాబే ఎలియాడె పుస్తకం కన్నా బాగుంది. లోపల మ్యూజియంలో బుద్ధుడి ముందు చెయ్యి చాచబోతే ముట్టవద్దన్నారు. ఇదే పలనాటి సున్నపురాయి మీద చెక్కిన అమరావతి శిల్పాలు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో అద్దాల వెనక ఉన్నాయి. అక్కడా ముట్టనివ్వరు. ముట్టకూడకపోవడమే పవిత్రతకు గుర్తయితే, గర్భగుడికీ గాజుబీరువాకూ తేడా చెప్పడం దుర్ఖైంకు కష్టమే.

కానీ ఆ కొండ విషయంలో నన్ను పట్టుకున్నవి శిల్పాలు కాదు, శాసనాలు. ఇక్ష్వాకు రాజులు యజ్ఞాలు చేసినవాళ్ళు. వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అశ్వమేధం చేశాడు. బౌద్ధ చైత్యాలకూ విహారాలకూ దానాలు చేసినవాళ్ళలో మాత్రం ముందు వరసలో ఉన్నది ఆ ఇంటి ఆడవాళ్ళు. ఆయన చెల్లెలో అక్కో, చాంతిసిరి, వీరపురుషదత్తుడి ఆరో రాజ్యసంవత్సరంలో మహాచైత్యం పని పూర్తి చేయించింది. ఆ రాజుకు ఆమె మేనత్త, పైగా అత్తగారు. మన ఇళ్ళల్లో లాగే. తన పుణ్యం పుట్టింటివారికీ మెట్టినింటివారికీ, పోయినవారికీ ఉన్నవారికీ రాబోయేవారికీ చెందాలని చెక్కించుకుంది. బోధిసిరి అనే ఇంకో ఉపాసిక ఉంది. రాణీ కాదు, రాజు కూతురూ కాదు, ఒక గృహస్థు కోడలు. సింహళం నుంచి వచ్చే భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది. ఆ పుణ్యంలో వాటా ఎవరెవరికో రాయించిన పట్టిక చూడాలి! భర్త, మామగారు, తాత, నాయనమ్మ, మేనమామలు, అమ్మమ్మ, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, వాళ్ళ పిల్లలు. శుభలేఖ అచ్చువేయించేటప్పుడు ఎవరి పేరు తప్పితే ఎవరు అలుగుతారో అని మనం భయపడమూ, అలా ఉంటుంది. పదిహేడు వందల ఏళ్ళ కిందట ఒక ఇల్లాలు పవిత్రమైన చోటు కట్టించి చేసిన మొదటి పని, తనవాళ్ళనందరినీ దాని లోపలికి పిలవడం. వేరుపెట్టడం అన్న నిర్వచనంలో ఈ పిలుపు ఎక్కడ ఇమడాలి?

పుస్తకంలో ముందు చెప్పిన ముగ్గురు పెద్దమనుషులూ, చూడండి, మగవాళ్ళే. గీత గీసేవాళ్ళ పక్కన నిలబడి గీతను వర్ణించారు. ఆ పుస్తకంలో నాకు చుట్టంలా తోచింది మేరీ డగ్లస్ అనే ఇంగ్లీషు ఆవిడ. 1966లో మురికీ మైలా మీద ఏకంగా ఒక గ్రంథం రాసింది. మురికి అంటూ విడిగా ఏదీ లేదు, ఉండవలసిన చోట ఉండనిదే మురికి అంటుంది. చెప్పు గుమ్మం బయట ఉంటే చెప్పే, భోజనాల బల్లమీద పెడితే మైల. ఇది కనిపెట్టడానికి ఏ ద్వీపాలకో పోనక్కర్లేదని మనకు తెలుసు. శుభ్రం విషయంలో తన భర్తకు తనకన్నా ఓర్పు చాలా తక్కువనీ, అందుకే తనకు మురికి మీద ఒక సిద్ధాంతం తప్పలేదనీ ఆవిడే పుస్తకం మొదట్లో చెప్పుకుంది. చదివి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఎన్ని కాపురాల్లో ఎన్ని సిద్ధాంతాలు రాయకుండానే పోయాయో!

మా అత్తగారి మడి గురించి చెబితే ఈ పేజీలు చాలవు. దండెం మీద చీరను కర్రతో తీసుకునేవారు. మేం కాపురానికి వెళ్ళిన కొత్తల్లో, ఆవకాయ జాడీ ఉన్న గదివైపు నేను నెలలో మూడు రోజులు తిరిగి చూడటానికి కూడా వీల్లేదు. వరండాలో చాప, చెంబు, పళ్ళెం. నిజం చెప్పొద్దూ, ఇంట్లో అందరూ నన్ను జాలిగా చూస్తుంటే నేను మాత్రం వారపత్రికల సీరియళ్ళన్నీ ఆ మూడు రోజుల్లోనే చదువుకునేదాన్ని. చాకిరీ నుంచి అంతకన్నా సెలవు మరొకటి లేదు. అందుకని ఆ గీతమీద నాకు అప్పట్లో కోపం రాలేదు. ఒప్పుకోవాలి, కోపం రాకపోవడం నా తప్పే. అదే చాపమీద కూర్చోబెట్టబోతే మా అమ్మాయి ఒకసారి ఊరంతా వినపడేట్టు అరిచింది. అప్పుడు కదా నాకు చాప కనపడింది.

మావారు పోయి నాలుగేళ్ళయింది. అప్పటినుంచి నేను ఇంకో గీతకు అవతల ఉన్నాను. దీనికి చాపా చెంబూ ఉండవు. ఎవరూ పరుషంగా మాట్లాడరు. శుభకార్యానికి పిలుస్తారు, పట్టుచీర పెడతారు, కాళ్ళకు దండం కూడా పెడతారు. సరిగ్గా ఆ సమయానికి మాత్రం ఎవరో ఒకరు, పిన్నిగారూ, మీరు లోపల కాసేపు నడుం వాల్చండి అంటారు. ఈ మాఘంలో మా అన్నయ్య మనవరాలి పెళ్ళి. ఆ పిల్లకు పలకమీద ఓనమాలు దిద్దించింది నేను. కార్తీకం మొదట్లో మా వదిన ఫోన్ చేసి, నీ దగ్గర నాకు దాపరికమేమిటి, పెళ్ళికూతుర్ని చేసే రోజు పొద్దున్నే కాకుండా భోజనాలవేళకు రా, నాకేమీ పట్టింపు లేదు, వియ్యపురాలు ఏమైనా అనుకుంటారేమోనని, అంది. సరే అన్నాను. ఫోన్ పెట్టేశాక పుస్తకాల బీరువా వెతికి ఈ పుస్తకం తీశాను. సాకెర్ అన్న మాటకు రెండో అర్థం చదివింది ఆ రాత్రే. దేవుడికి విడిచిపెట్టినదీ, జనం విడిచిపెట్టినదీ ఒకటే మాటట. లాటిన్ వాళ్ళు బాగా ఎరుగుదురు.

ఎత్తిపోతలలో పైనుంచి చూసి వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ. కిందికి దిగితే రంగనాథుడు, దత్తాత్రేయుడు, మధుమతీదేవి ఉన్నారు. దత్తాత్రేయుడంటే ఆ చుట్టుపట్ల లంబాడీలకు ఎంతో గురి. ఎక్కడెక్కడి తండాలనుంచో వస్తారు. మోకాళ్ళు నొప్పని మావాళ్ళు చాలామంది పైనే చెట్లకింద విస్తళ్ళు సర్దుతుంటే నేనూ, చెప్పులు విప్పినావిడా దిగాం. కింద రాళ్ళమధ్య రెండు మూడు కుటుంబాలు పొయ్యి రాజేసుకుని వంట మొదలుపెట్టాయి. పిల్లలు తడిబట్టలతో గంతులు వేస్తున్నారు. ఒకమ్మాయి ఏదో రాయిని కడిగి పసుపు రాస్తోంది. అద్దాల లంగా ఒక ముసలామెదే, మిగతావాళ్ళంతా మామూలు చీరలే. ఎక్కడ పూజ అయిపోయి ఎక్కడ వంట మొదలైందో, ఎవరు మొక్కుతున్నారో ఎవరు ఆడుకుంటున్నారో చెప్పలేం. దుర్ఖైంగారిని ఆ రాతిమీద కూర్చోబెట్టి ఇందులో పవిత్రమేదో మామూలేదో విడదియ్యవయ్యా అనాలనిపించింది.

ఒక పడుచు నా దగ్గరకు వచ్చి, అమ్మా, ఈ పిల్లను పట్టుకో, దీపం పెట్టొస్తా అని చంకలో బిడ్డను నా చేతుల్లో పెట్టేసి వెళ్ళిపోయింది. నన్ను ఏమీ అడగలేదు. ఏ ఊరనీ, ఎవరనీ, నా నుదురు చూసి కానీ చూడకుండా కానీ. బిడ్డ నా కళ్ళజోడు పీకింది. దీపం పెట్టి వచ్చాక ఆకులో కుంకుమ తెచ్చి అక్కడున్న అందరికీ వరసగా బొట్టు పెట్టుకుంటూ వచ్చింది. మగవాళ్ళకు, పిల్లలకు, మా స్నేహితురాలికి. నావంతు వచ్చేసరికి చెయ్యి అడ్డం పెట్టి, నాకొద్దమ్మా, ఆయన లేరు అన్నాను.

"దేవుడి బొట్టు" అంది ఆ పిల్ల. అంతే. నేనేమన్నానో అర్థం కానట్టు మొహం పెట్టి, వెనక్కి చూపించి, "మా అమ్మకూ లేడు" అంది. అద్దాల లంగా ముసలామె నుదుట బొట్టు ఉంది. నా చెయ్యి పక్కకు జరిపి నాకూ పెట్టింది. ఆ తరవాత పక్కనున్న పిల్లాడికి పెట్టడానికి వెళ్ళిపోయింది.

కథ ఇక్కడ ఆపితే చాలా అందంగా ఉంటుంది. కానీ ఇది కథ కాదు. ముసలామె జుట్టుకు చెంపల పక్కన వేళ్ళాడే వెండి ఘుగ్రీలు లేవు, మోచేతి పైన గాజులు లేవు. భర్త పోతే లంబాడీ స్త్రీ కూడా వాటిని తీసేయాలని తరవాత తెలిసింది. వాళ్ళకూ గీతలున్నాయి. మన గీత ఉన్న చోట లేవు, అంతే. ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ పడుచే కాసేపటికి ఆకులో వాళ్ళు వండింది తెచ్చి తినమంది. నా చెయ్యి ఆగింది. నా నుదుటి గీతను ఆమె చెరిపిన పావుగంటకే, మా అత్తగారి మడి నా చేతిలోంచి లేచి నిలబడింది. కొబ్బరిముక్క మాత్రం తీసుకుని, తరవాత తింటానని సంచిలో వేసుకున్నాను. ఆమెకు తెలిసిందో లేదో నాకు తెలియదు. మా స్నేహితురాలు మాత్రం ఆకు తీసుకుని అక్కడే కూర్చుని తినేసింది. పైకి వస్తూ ఇద్దరం మాట్లాడుకోలేదు.

ఇదే పలనాడులో కారెంపూడి ఉంది. కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు పలనాటి వీరులను ఆరాధిస్తారు. అక్కడ దేవుళ్ళు వీరులు వాడారని చెప్పే ఆయుధాలు. మూడోరోజు మందపోరు నాడు చాపకూడు. పన్నెండో శతాబ్దంలో బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్ళనూ ఒకే చాపమీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడన్న దానికి గుర్తు అది. మా అత్తగారి చాప ఒకరిని వేరుపెట్టడానికి, ఈ చాప అందరినీ కలపడానికి. రెండూ పవిత్రత పేరు మీదే పరిచారు. ఏడాదికి ఒక్కరోజేనా అని మీరు అడగవచ్చు. నేనూ అడుగుతాను. కానీ నా చెయ్యి ఆగిన ఆ మధ్యాహ్నం నాకు ఆ ఒక్కరోజు కూడా లేదు.

అలాగని గట్టులన్నీ తెంచెయ్యమని నేననను. గట్టు లేకపోతే మడిలో నీరు నిలవదు. మేం వెళ్ళిన రోజు జలపాతం పక్కన రాళ్ళమీద ప్లాస్టిక్ సంచులూ, ప్లేట్లూ, సీసాలూ చూస్తే కడుపు తరుక్కుపోయింది. అందులో కొన్ని దేవుడికి పూలు తెచ్చిన సంచులే. నిజానికి ఆ గుండం ఒక్కటే శుభ్రంగా ఉంది, మొసళ్ళ దయవల్ల. ఆస్ట్రేలియా నడిబొడ్డున ఉలూరు అనే ఎర్రటి కొండ ఉంది. దుర్ఖైం చూడని దేశంలోదే. అనంగు ప్రజలకు అది పవిత్రం. ఎక్కవద్దని ఎన్నో ఏళ్ళు మర్యాదగా బోర్డుపెట్టి అడిగారు, వచ్చినవాళ్ళు ఎక్కుతూనే ఉన్నారు. చివరికి 2019 అక్టోబర్ 26 నుంచి ఎక్కడం నిషేధించారు. ఆ గీత గీసినందుకు నాకు సంతోషమే. అది బలవంతుడికి అడ్డంగా గీసిన గీత. గ్రీసులో ఏథోస్ పర్వతం మీద వెయ్యేళ్ళుగా ఆడవాళ్ళను అడుగు పెట్టనివ్వరు. అదీ గీతే. రెండిటినీ ఒకే నిర్వచనం కింద పెట్టి, పవిత్రమంటే వేరుపెట్టడం అని ఊరుకుంటే పండితుడికి సరిపోతుందేమో కానీ గీతకు అవతల నిలబడ్డవాళ్ళకు సరిపోదు. ఎవరు గీశారు, ఎవరిని ఆపడానికి గీశారు అని అడగాలి. ఆ ప్రశ్న ఆ పెద్ద పుస్తకంలో మేరీ డగ్లస్ దగ్గర కొంచెం దొరికింది, చాంతిసిరి, బోధిసిరుల రాళ్ళమీద ఇంకొంచెం దొరికింది.

తిరుగు ప్రయాణంలో మాచర్ల దాటేసరికి బాగా చీకటి పడింది. వ్యానులో సగంమంది నిద్రపోయారు. నా నుదుటిని ఎవరూ ఎత్తి చూపలేదు. ఒకరిద్దరు చూసి కిటికీవైపు తిరిగారు. సంచిలోంచి కొబ్బరిముక్క తీసి తిన్నాను. కొంచెం పొగవాసన వేసింది.

ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుని వదినకు ఫోన్ చేశాను. పెళ్ళికూతుర్ని చేసే రోజు నేను పొద్దున్నే వస్తాను వదినా, పిల్లకు నలుగు పెట్టేవేళకే వస్తాను, వియ్యపురాలు ఏమన్నా అంటే నేనే సమాధానం చెప్పుకుంటాను అన్నాను. అవతల చాలాసేపు చప్పుడు లేదు. లైను తెగిందేమోననుకున్నాను. తరవాత, గోంగూర పచ్చడి అందరికీ సరిపోయిందా, అని అడిగింది.